క్లాసురూమ్‌లో డిజిటల్ టూల్స్: ఒక్క ఫోన్‌తో మొదలుపెట్టే పద్ధతి

మొదటిసారి క్లాసులో ఆన్‌లైన్ క్విజ్ పెట్టిన రోజు నాకు ఇంకా గుర్తుంది. నలభై మంది పిల్లలు, డజను ట్యాబ్‌లు, ఒక ప్రొజెక్టర్. వైఫై పాస్‌వర్డ్ అన్నిట్లో ఎక్కించేసరికే పావుగంట అయింది. ముగ్గురు నలుగురు పెట్టుకున్న మారుపేర్లు తెర మీద పడగానే క్లాసంతా గొల్లుమంది. ఆ పేర్లు ఇక్కడ రాయలేను. మూడో ప్రశ్న దగ్గర నెట్ పోయింది, అది మళ్లీ వచ్చేలోపు బెల్లు కొట్టేశారు. అయినా పిల్లలు "మళ్లీ ఎప్పుడు సార్?" అని వెంటపడ్డారు. నేనూ తెగ సంబరపడిపోయాను.

స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్ ఒకావిడ ఒకే మాట అడిగారు. "ఇంతకీ ఎవరికి ఏం అర్థం కాలేదండీ?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి జవాబు తెర మీదికి వచ్చింది. రెండో ప్రశ్నకు సగం మందికి పైగా ఒకే తప్పు జవాబు నొక్కారని బార్లు గీసి మరీ చూపించింది యాప్. నేను "నెక్స్ట్" నొక్కేశాను.

అప్పట్నుంచి నేను పాటిస్తున్న లెక్క ఒకటే. క్లాసులో యాప్ వాడటం అంటే ఫలితం తెర మీద పడిన తర్వాతి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఏం చేయాలో తెలియనప్పుడు చాక్‌పీసు పట్టుకోవడమే నయం. కింద రాసిన పద్ధతి ఆ ఐదు నిమిషాల కోసం ఎలా సిద్ధం కావాలన్నదే.

1. ముందు ఇబ్బందిని ఒక వాక్యంలో రాయండి

"ఈ నెలలో డిజిటల్ టూల్స్ వాడాలి" అనుకుని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఏదో ఒక యాప్ వెతుక్కుని, దానికి సరిపోయే పాఠం కోసం తిరుగుతాం. మీ క్లాసులో నిజంగా మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నదేమిటో కాగితం మీద రాయండి. "చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ ఐదుగురే. మిగతా వాళ్లకు అర్థమైందో లేదో పరీక్ష దాకా తెలియడం లేదు." "సర్క్యూట్ బొమ్మ గీస్తున్నారు గానీ కరెంటు ఎటు పోతోందో ఊహించలేకపోతున్నారు." "హోంవర్క్ దిద్దేసరికి పాఠం రెండు చాప్టర్లు ముందుకు వెళ్లిపోతోంది."

ఇలా రాసుకుంటే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. మొదటి ఇబ్బందికి అందరి జవాబులూ ఒకేసారి తీసుకునే టూల్ కావాలి. రెండో దానికి సిమ్యులేషన్, అంటే తెర మీదే కదిపి చూసే ప్రయోగం కావాలి. మూడో దానికి తనంతట తానే దిద్దుకునే ఫారం కావాలి. ఏ యాప్ అక్కర్లేని ఇబ్బందులూ ఉంటాయి. చేతిరాత బాగాలేకపోవడానికి ట్యాబ్ మందు కాదు.

2. చేతిలో ఏముందో లెక్క చూసుకోండి

మీ ఫోన్ ఒక్కటే ఉందా, ప్రొజెక్టర్ కూడా ఉందా, నలుగురైదుగురికి ఒక పరికరం వస్తుందా, ఒక్కొక్కరికీ ఒకటి ఉందా? ఏ స్థితి అయినా పర్వాలేదు. కాకపోతే లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకుని లెసన్ ప్లాన్ రాస్తేనే చిక్కు.

నెట్ గురించి నిక్కచ్చిగా ఉండండి. మీ ఒక్క ఫోన్‌లో నెట్ బాగా రావడం వేరు, నలభై పరికరాలు ఒకేసారి ఒకే వైఫై మీద పడటం వేరు. నెట్ మీద నమ్మకం లేకపోతే అసలు నెట్ లేకుండా నడిచేవే ఎంచుకోండి. కొలరాడో యూనివర్సిటీవాళ్ల ఫెట్ సిమ్యులేషన్లలో కొత్త తరహావి ఒక్కో ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి, ఆ తర్వాత మామూలు బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం, కోడింగ్ నేర్పే స్క్రాచ్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అడగవు. కోలిబ్రీ అనే పాఠాల సాఫ్ట్‌వేర్ అయితే ఇలాంటి చోట్ల కోసమే తయారైంది. ఒక ల్యాప్‌టాప్‌లో పాఠాలన్నీ ముందే నింపి పెట్టుకుంటే, చుట్టూ ఉన్న ట్యాబ్‌లు లోకల్ వైఫై మీదనే వాటిని తెరుస్తాయి.

3. ఒక్క టూల్ ఎంచుకోండి

ఏడాదికి రెండు టూల్స్ బాగా పట్టుబడితే చాలు. వారానికొక కొత్త యాప్ తెస్తే పిల్లలు పాఠం బదులు మెనూలు నేర్చుకుంటారు.

అందరి జవాబులూ ఒకేసారి తెలుసుకోవడానికి కహూట్, వేగ్రౌండ్, ప్లికర్స్ బాగా వాడుకలో ఉన్నాయి. కహూట్ 2013లో నార్వే నుంచి వచ్చింది. అందులో సరైన జవాబుతో పాటు వేగానికి కూడా పాయింట్లు వస్తాయి. దానివల్ల హుషారు వస్తుంది, నిజమే. కానీ నిదానంగా ఆలోచించే పిల్లలకు అది శిక్ష. వేగ్రౌండ్ అంటే పాత క్విజిజ్, 2025లో పేరు మార్చుకుంది. అందులో ఎవరి వేగంతో వాళ్లు ప్రశ్నలు చేసుకుపోవచ్చు. ఈ రెండింటికీ పిల్లల చేతుల్లో పరికరాలు ఉండాలి.

ప్లికర్స్‌కి ఆ అవసరం లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను సూచించేది ఇదే. ఒక్కో పిల్లవాడి చేతిలో ఒక కాగితం కార్డు ఉంటుంది. దాని మీద నల్లటి గళ్ల ముద్ర, నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి. ఏ జవాబు అనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోన్ కెమెరాతో క్లాసు మీదుగా ఒకసారి చూపిస్తే ఎవరు ఏ జవాబు పెట్టారో పేర్లతో సహా నమోదవుతుంది. ఒక్కో కార్డు ముద్ర ఒక్కో తీరుగా ఉంటుంది, అందుకని పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం అంత తేలిక కాదు. ప్రొజెక్టర్ లేకపోయినా ఫర్వాలేదు, ప్రశ్న బోర్డు మీద రాసేస్తే సరి.

కార్డుల విషయంలో నేను నేర్చుకున్న రెండు ముక్కలు. మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి, కానీ మెరిసే లామినేషన్ చేయించకండి. లైటు పడి మెరిస్తే కెమెరా చదవలేదు. పిల్లలు వేళ్లతో ముద్రను మూయకుండా అంచులు పట్టుకోవాలని మొదటి రోజే చెప్పండి. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే పెడితే పంచడం, తిరిగి తీసుకోవడం సులువు.

4. అసలు పని: ప్రశ్న రాయడం

యాప్ నేర్చుకోవడానికి అరగంట చాలు. మంచి ప్రశ్న ఒకటి రాయడానికి ఒక్కోసారి సాయంత్రమంతా పడుతుంది. రెడీమేడ్ క్విజ్‌లు వేలకొద్దీ దొరుకుతాయి గానీ వాటిలో ఎక్కువ భాగం జ్ఞాపకశక్తిని అడిగేవే. తప్పు జవాబు పెట్టిన పిల్లవాడి గురించి అవి మీకు ఏమీ చెప్పవు.

దశాంశాల పాఠం తీసుకుందాం. "వీటిలో పెద్ద సంఖ్య ఏది?" అని అడిగి ఈ నాలుగూ ఇచ్చామనుకోండి: ఎ) 0.4, బి) 0.45, సి) 0.309, డి) 0.0999.

సరైనది 0.45. కానీ మిగతా మూడింటిలో ఒక్కోదాని వెనక ఒక్కో ఆలోచన ఉంది. డి ఎంచుకున్నవాళ్లు చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదివేస్తున్నారు. 999 అన్నిటికంటే పెద్దది కదా అన్నది వాళ్ల లెక్క. సి ఎంచుకున్నవాళ్లు ఒక మెట్టు పైన ఉన్నారు. చుక్క పక్కనే సున్నా ఉంటే సంఖ్య చిన్నదని వాళ్లకు తెలుసు, అందుకే డి వదిలేశారు. మిగతా చోట్ల మాత్రం పాత అలవాటే, 45 కంటే 309 పెద్దది. ఇక ఎ ఎంచుకున్నవాళ్లది సరిగ్గా ఎదురు పొరపాటు. వందో వంతు కంటే పదో వంతు పెద్దదని విన్నారు, కాబట్టి పొట్టిగా ఉన్న సంఖ్యే పెద్దదని తీర్మానించుకున్నారు.

ఇప్పుడు అదే ప్రశ్నలో 0.45 బదులు 0.35 పెట్టి చూడండి. సరైన జవాబు 0.4 అవుతుంది. పొట్టి సంఖ్యే పెద్దది అనుకునే పిల్లలందరికీ మార్కు పడిపోతుంది. వాళ్ల పొరపాటు పచ్చరంగు టిక్కు కింద హాయిగా దాక్కుంటుంది. ఒక్క అంకె మార్పుతో ప్రశ్న గుడ్డిదైపోయింది.

అందుకే ప్రశ్న రాసేటప్పుడు ఈ వరస పాటించండి. పాత హోంవర్క్ పుస్తకాలు, స్లిప్ టెస్ట్ పేపర్లు ముందేసుకుని పిల్లలు నిజంగా చేసిన తప్పులు ఏరండి. ఒక్కో తప్పుకు ఒక్కో ఆప్షన్ ఇవ్వండి. ఎవరూ ఎంచుకోని జోకు ఆప్షన్ తీసేయండి. "పైవన్నీ", "పైవేవీ కావు" కూడా తీసేయండి, వాటి నుంచి మనకు ఏమీ తెలియదు. చివరికి ఒక్కో ఆప్షన్ ఎదురుగా పెన్సిల్‌తో "దీన్ని ఎక్కువ మంది పెడితే నేను ఏం చేస్తాను" అని రాయండి. రాయలేకపోతే ఆ ఆప్షన్ పనికిరానిదే.

పీరియడ్‌కి ఇలాంటివి రెండు చాలు. మూడు ఎక్కువ.

5. రిహార్సల్ తప్పనిసరి

ముందు రోజు మీరే పిల్లవాడి ఖాతాతో లాగిన్ అయి చూడండి. టీచర్ స్క్రీన్‌లో కనిపించేవన్నీ పిల్లల స్క్రీన్‌లో కనిపించవు, ఈ సంగతి చాలామందికి క్లాసులోనే తెలుస్తుంది. ప్రొజెక్టర్ వేసి చివరి బెంచీలో కూర్చుని చదవండి. పొడుగు లింకు టైప్ చేయించకండి, క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి గోడకు అంటించండి. తెలుగులో ప్రశ్నలు రాస్తే యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాల్లోనే టైప్ చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న మ్యాటర్ కాపీ చేసి పెడితే పిల్లల ఫోన్‌లో అర్థంలేని అక్షరాలు వస్తాయి, చదివి వినిపించే స్క్రీన్ రీడర్లకు అయితే అది అసలు తెలుగే కాదు.

రంగు మీద మాత్రమే ఆధారపడే సూచనలు మానండి. ఎరుపు, పచ్చ తేడా పోల్చుకోలేని పిల్లలు మీ క్లాసులోనూ ఉండొచ్చు, వాళ్లకే ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. కహూట్ బటన్ల మీద రంగుతో పాటు త్రికోణం, వృత్తం లాంటి గుర్తులు ఉండటం ఇందుకు బాగా పనికొస్తుంది. "ఎర్రది నొక్కండి" అనకుండా "త్రికోణం నొక్కండి" అంటే సరిపోతుంది.

అన్నిటికీ మించి, కరెంటు పోతే ఏం చేస్తారు? అదే ప్రశ్న బోర్డు మీద రాసి, ఒకటి నుంచి నాలుగు వేళ్లతో గుండెకు ఆనించి జవాబు చూపించమనండి. యాప్ లెక్క రాదు గానీ క్లాసు ఎటు ఉందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఈ ప్లాన్ బి ఉందనే ధైర్యంతోనే నాకు టెన్షన్ సగం తగ్గింది.

6. క్లాసులో నడిపే తీరు

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి "పీర్ ఇన్‌స్ట్రక్షన్" అనే పద్ధతి, అంటే విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకునే పద్ధతి నడిపించారు. అందులోని వరస బడి క్లాసులకూ చక్కగా అతుకుతుంది.

ప్రశ్న చూపించి చదవండి. ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం, ఎవరికి వారే ఆలోచించాలి. ఈ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మీకు మాట్లాడాలనిపిస్తుంది. ఆగండి. తర్వాత అందరూ ఒకేసారి కార్డులు ఎత్తాలి. స్కాన్ చేయండి. గ్రాఫ్ మాత్రం మీరు చూడండి, తెర మీద పెట్టకండి. ఎక్కువ మంది ఎటు ఉన్నారో తెలిసిన క్షణమే మిగతావాళ్ల ఆలోచన ఆగిపోతుంది.

ఇప్పుడు మీ నిర్ణయం. సరైన జవాబు పెట్టినవాళ్లు 30 శాతం కూడా లేరంటే చర్చ వల్ల లాభం లేదు, చెప్పుకోవడానికి తెలిసినవాడే లేడు. పాఠం ఇంకోలా చెప్పండి. 70 శాతం దాటితే కారణం చెప్పేసి ముందుకు వెళ్లండి, మిగిలిన పిల్లల పేర్లు మీ దగ్గర ఉన్నాయి కదా, తర్వాత పిలవండి. ఈ రెంటికీ మధ్యలో ఉంటేనే అసలు పంట. "మీ జవాబు కాకుండా వేరే జవాబు పెట్టినవాళ్లను వెతుక్కుని ఒప్పించండి" అని రెండు మూడు నిమిషాలు వదిలేయండి. మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినండి. గోల ఉంటుంది, ఉండనివ్వండి. తర్వాత అదే ప్రశ్నకు రెండోసారి కార్డులు ఎత్తించి, అప్పుడు రెండు గ్రాఫులూ చూపించండి.

"ఎవరు జవాబు మార్చుకున్నారు? ఎందుకు?" అని అడగండి. "ముందు 309 పెద్దది అనుకున్నాను సార్, కానీ వాడు నంబర్ లైన్ గీసి చూపించాడు" అని ఒక పిల్ల చెప్పిందంటే ఆ వివరణ మనం పది సార్లు చెప్పినదాని కంటే గట్టిగా నిలుస్తుంది. దశాంశాల దగ్గర ఒక జాగ్రత్త. చివర సున్నాలు కలిపి 0.4000, 0.4500 అని పొడుగు సమానం చేయమనడం మనకు అలవాటు. దాంతో జవాబు వస్తుంది, అర్థం రాదు. చుక్క తర్వాతిదాన్ని మామూలు సంఖ్యలా చదివే పిల్లవాడు ఆ కిటుకుతో అలాగే చదువుతూ పాసైపోతాడు. జియోజెబ్రా అనే లెక్కల యాప్‌లో సంఖ్యారేఖ తెరిచి, 0.4 నుంచి 0.5 దాకా ఉన్న ముక్కను జూమ్ చేసి 0.45 ఎక్కడ కూర్చుందో చూపించండి.

వారం తర్వాత అదే ప్రశ్నను అంకెలు మార్చి మళ్లీ పెట్టండి. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. క్విజ్ యాప్‌లలో పాత ప్రశ్నలన్నీ దాచి ఉంటాయి కాబట్టి ఈ పని ఇప్పుడు రెండు నిమిషాల్లో అవుతుంది. మార్కులు మాత్రం వేయకండి.

7. చేసి చూడాల్సిన పాఠాలకు

సైన్సు టీచర్లకు ఫోన్ అసలు విలువ యాప్‌లలో కన్నా దానిలోని సెన్సార్లలోనే ఉంది. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీవాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆ సెన్సార్లను కొలిచే పరికరాలుగా మారుస్తుంది. ధ్వని వేగం ప్రయోగం చూడండి. రెండు ఫోన్లలో అకూస్టిక్ స్టాప్‌వాచ్ తెరవండి. అది చప్పుడు వినగానే మొదలై, రెండో చప్పుడుకు ఆగుతుంది. ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట్లు కొట్టాలి, కాసేపాగి రెండో ఫోన్ పక్కన ఇంకొకరు. మొదటి చప్పుడు రెండో ఫోన్‌ను ఆలస్యంగా చేరుతుంది, రెండో చప్పుడు మొదటి ఫోన్‌ను ఆలస్యంగా చేరుతుంది. రెండు ఫోన్లు చూపించే సమయాల తేడాలో ధ్వని 5 మీటర్లు రెండుసార్లు నడిచిందన్నమాట. అంటే 10 మీటర్లను ఆ తేడాతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. తేడా సుమారు 0.029 సెకను వస్తే జవాబు 343 దరిదాపుల్లో ఉంటుంది, 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు వెళ్లే మీటర్లు అన్నే. మొదటిసారే కుదరదు. క్లాసు నిశ్శబ్దంగా లేకపోతే ఎవరి దగ్గుకో వాచీ మొదలైపోతుంది. నిశ్శబ్దంగా ఉండాల్సిన కారణం పిల్లలకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఫెట్ సిమ్యులేషన్లతో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. టీచర్ ప్రొజెక్టర్ మీద తానే అన్నీ కదిపి చూపిస్తాడు, పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. దాన్ని ఇలా మార్చండి. ఏదైనా కదిపే ముందు ఆగి, "ఇప్పుడు ఇంకో బల్బు వరసలో కలిపితే మొదటి బల్బు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అని అడిగి నోటుబుక్కులో రాయించండి. రాశాకే స్విచ్ వేయండి. పరికరాలు పిల్లల చేతుల్లో ఉంటే మొదటి ఐదు నిమిషాలు ఏ సూచనా లేకుండా ఆడుకోనివ్వండి. ఎలాగూ ఆడుకుంటారు. ఆ తర్వాత ఒక సవాలు ఇవ్వండి: "రెండు బల్బులూ ఒక్కటి ఉన్నప్పుడు వెలిగినంత వెలిగేలా కలపండి." పదిహేను వరసల సూచనల కాగితం ఇస్తే కాగితాన్నే చూస్తారు, కరెంటును చూడరు.

వీడియోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు ప్రశ్న, తర్వాత వీడియో. ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల్లో లక్షలాది వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వచ్చిన అధ్యయనంలో ఆరు నిమిషాల లోపువే ఎక్కువ మందిని పట్టి ఉంచాయని తేలింది. ఇరవై నిమిషాల వీడియో బాగుంటే అందులో మీకు కావాల్సిన మూడు నిమిషాలు ఎక్కడున్నాయో రాసుకుని అంతే చూపించండి.

8. హోంవర్క్‌కి గూగుల్ ఫామ్స్

కొత్త ఫారం తెరిచి, సెట్టింగ్స్‌లో దాన్ని క్విజ్‌గా మార్చండి. ఒక్కో ప్రశ్నకు సరైన జవాబు, మార్కులు ఇచ్చాక తప్పు జవాబుకు కనిపించే ఫీడ్‌బ్యాక్ కూడా రాయండి. చాలామంది ఈ చివరి పని వదిలేస్తారు, హోంవర్క్ పాఠం అయ్యేది దానితోనే. "తప్పు" అని రాసి ఊరుకోవద్దు, "0.309లో పదో వంతులు ఎన్ని? 0.45లో ఎన్ని? పోల్చి చూడు" అని రాయండి.

దీనికంటే మంచి ఉపాయం ఒకటుంది. ఫారంను సెక్షన్లుగా విడగొట్టి, బహుళైచ్ఛిక ప్రశ్నకు "జవాబును బట్టి సెక్షన్‌కు వెళ్లు" అనే వీలు వాడండి. తప్పు పెట్టినవాళ్లు చిన్న వివరణ ఉన్న సెక్షన్‌కు వెళ్లి, అక్కడ ఇంకో ప్రశ్న చేసి తిరిగి వస్తారు. సరిగా చేసినవాళ్లు నేరుగా ముందుకు పోతారు. తయారీకి గంట పడుతుంది, కానీ వచ్చే ఏడాది కూడా అదే ఫారం పనికొస్తుంది.

క్లాసుకు వెళ్లే ముందు రెస్పాన్సెస్‌లో సమ్మరీ చూడండి. ఎక్కువ మంది తప్పు చేసిన ప్రశ్నలు విడిగా కనిపిస్తాయి. ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇంట్లో పరికరం లేని పిల్లలకు అవే ప్రశ్నల కాగితం ఇవ్వండి, "నీకు ఫోన్ లేదా?" అని అందరి ముందూ అడగకండి.

9. పరికరాలు పిల్లల చేతికి ఇచ్చినప్పుడు

"స్క్రీన్ బోర్లా" అనగానే అందరూ పరికరాలు బోర్లించాలి. ఈ ఒక్క మాటను మొదటి రోజే నాలుగైదు సార్లు ఆటలా ప్రాక్టీస్ చేయించండి. మీరు మాట్లాడేటప్పుడు ఏ తెరా వెలగకూడదు. కెనడాలో 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, క్లాసు మధ్యలో ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకే కాదు, వాళ్ల తెర కనిపించేలా కూర్చున్నవాళ్లకు కూడా మార్కులు తగ్గాయి. "నా మానాన నేను చూసుకుంటున్నా కదా సార్" అనే పిల్లవాడికి చెప్పడానికి ఇది పనికొస్తుంది.

గుంపుకు ఒక పరికరం ఇస్తే ఎప్పుడూ ఒక్కడే లాక్కుని కూర్చుంటాడు. నొక్కేవాడు వేరు, ఏం నొక్కాలో చెప్పేవాడు వేరు, రాసేవాడు వేరు అని పంచి, ఏడెనిమిది నిమిషాలకోసారి మార్చండి. నొక్కేవాడికి సొంత నిర్ణయం ఉండదు, పక్కవాళ్లు చెప్పిందే నొక్కాలి. ఈ నియమంతో మాటలు వాటంతటవే మొదలవుతాయి.

మారుపేర్ల బాధ మీకు రాకూడదంటే కహూట్‌లో పేర్లను యాప్ ఇచ్చేలా సెట్ చేయండి. లేదా రోల్ నంబర్లు పెట్టించండి.

10. పిల్లల సమాచారం

చాలా యాప్‌లు 13 ఏళ్లలోపు పిల్లలు సొంతంగా ఖాతా తెరవడాన్ని ఒప్పుకోవు. వయసు మార్చి తెరిపించడం అన్నిటికంటే చెడ్డ దారి, పిల్లలకు మనమే అబద్ధం నేర్పినట్టు. ఖాతా అక్కర్లేని టూల్స్ ఉన్నాయి, వాటిని చూడండి. ప్లికర్స్‌లో పూర్తి పేర్లు ఎక్కించనవసరం లేదు, పొట్టి పేరు చాలు. పుట్టినరోజు, ఫోటో, ఇంటి ఫోన్ నంబర్ అడిగే యాప్‌ను అసలు నమ్మకండి. పెద్దవాళ్లకు ఏ యాప్, ఎందుకు, ఏ సమాచారం ఎక్కుతోంది అని నాలుగు వరసల్లో రాసి పంపి సంతకం తీసుకోండి. మీ బడికి ఇప్పటికే నియమాలు ఉంటే అవే ముందు.

మార్కుల పట్టిక ప్రొజెక్టర్ మీద చూపించే విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. మొదటి ముగ్గురి పేర్లు సరే. చివరి పేరు ఎప్పుడూ తెర మీదికి రాకూడదు.

11. ఏఐ వచ్చాక

చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చింది. దాన్ని మొదట మీ పని కోసం వాడండి. "ఈ పాఠం మీద పిల్లలు చేసే తప్పులను ఆప్షన్లుగా పెట్టి ఐదు ప్రశ్నలు రాయి" అంటే ముడిసరుకు దొరుకుతుంది. అందులో మూడు పారేయాల్సి వస్తుంది, జవాబులే తప్పుగా ఉన్నవీ తగులుతాయి. ఒక్కోటీ మీరే చేసి చూడకుండా క్లాసుకు తీసుకెళ్లకండి. పిల్లల పేర్లు, మార్కులు, వాళ్ల ఇంటి సంగతులు అందులో టైప్ చేయవద్దు.

పిల్లలు ఏఐతో రాయించుకొచ్చారో లేదో పట్టుకునే సాఫ్ట్‌వేర్ల మీద ఆధారపడకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ సంస్థే అలాంటి టూల్ ఒకటి తెచ్చి, సరిగా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. ఏ పాపం తెలియని పిల్లవాడి మీద నింద పడితే తిరిగి తీసుకోలేం. దానికన్నా రాసిన దాన్ని గురించి రెండు నిమిషాలు నోటితో అడగండి. లేదా ఏఐ రాసిన జవాబునే ప్రింట్ తీసి ఇచ్చి, "ఇందులో ఏ వాక్యం తప్పు, ఏది చెప్పీ చెప్పనట్టు ఉంది, గుర్తు పెట్టండి" అని ఎర్ర పెన్ను చేతికివ్వండి. దిద్దే పని అంటే పిల్లలకు ఎంత ఇష్టమో అప్పుడు చూడాలి.

12. నెల తర్వాత లెక్క

మొదటి అడుగులో రాసుకున్న వాక్యం తీయండి. "చెయ్యెత్తేది ఆ ఐదుగురే" అని రాసి ఉంటే, ఇప్పుడు మిగతావాళ్లలో ఎవరికి ఏం రాదో పేరు పెట్టి చెప్పగలుగుతున్నారా? యాప్ చెప్పినదాన్ని బట్టి పాఠం మార్చిన రోజులు ఎన్ని? పీరియడ్‌లో లాగిన్‌లకు, పాస్‌వర్డ్‌లకు ఎంతసేపు పోతోంది? ఐదు నిమిషాలు దాటుతుంటే ఏదో సరిచేయాలి. పిల్లలనూ అడగండి, కానీ "బాగుందా?" అని కాదు, "దీనివల్ల నీకు ముందు తెలియనిది ఏం తెలిసింది?" అని.

జవాబులు తేలిపోతుంటే ఆ టూల్ మానేయండి. మానేయడం అంటే ఫోన్‌లోంచి తీసేయడం కాదు. ముందు మీకు పనికొచ్చే ప్రశ్నలు, ఫలితాలు డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత అందులోని క్లాసును, పిల్లల పేర్ల జాబితాను డిలీట్ చేసి, చివరగా ఖాతా మూసేయండి. పిల్లలు సొంతంగా ఖాతాలు తెరిచి ఉంటే ఒక పీరియడ్‌లో పది నిమిషాలు కేటాయించి వాళ్లతోనే మూయించండి. సెట్టింగ్స్‌లో ఆ బటన్ ఎక్కడుందో ముందు రోజే వెతికి పెట్టుకోండి, చాలా యాప్‌లలో అది బాగా లోపల ఉంటుంది.